38,000 దగ్గర కొనలేనివాణ్ని 63,400 దగ్గర ఎలా కొన్నాను?

రాత్రిచార్టు

చాలా రోజులుగా రాయాలా వద్దా అని ఊగిసలాడి ఇవాళ రాస్తున్నాను. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి. ఏ కాయిన్ కొనాలి, ధర ఎంత దాకా పోతుంది అని అడగడానికి రాలేదు. బిట్‌కాయిన్ తప్ప ఇంకోటి ముట్టుకోను, స్పాట్ (అప్పు లేకుండా ఉన్న డబ్బుతో నేరుగా కొనడం) తప్ప ఇంకోటి చెయ్యను. నా సమస్యంతా ఎంట్రీ దగ్గరే. కొనాల్సిన చోట చెయ్యి రాదు, కొనకూడని చోట చెయ్యి ఆగదు.

ట్రేడ్లన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంటాను. అందులోంచి ఒకటి వివరంగా చెప్తాను.

2024 జనవరి. అమెరికాలో స్పాట్ బిట్‌కాయిన్ ఈటీఎఫ్‌లకు (బిట్‌కాయిన్ కొని ఉంచుకుని, షేర్లలా అమ్మే ఫండ్లకు) 10వ తేదీన అనుమతి వచ్చింది, 11న ట్రేడింగ్ మొదలైంది. ఆ రోజు 49,000 డాలర్ల దగ్గరి దాకా ఎగిరిన ధర అక్కణ్నుంచి జారుతూ వచ్చింది. వార్త రాగానే లాభాలు తీసుకునేవాళ్లు అమ్ముతారు, ధర దిగుతుంది, అప్పుడు కొందాం అని నేను ముందే అనుకున్నాను. అనుకున్నట్టే దిగింది. 38,000 దగ్గర లిమిట్ ఆర్డర్ (ధర అక్కడికి వస్తేనే కొనే ఆర్డర్) పెట్టి కూర్చున్నాను. ట్రేడింగ్ కోసం పక్కన పెట్టుకున్న 2,400 డాలర్లూ ఆ ఒక్క ఆర్డర్లోనే. ఇద్దరు స్నేహితులకు కూడా చెప్పాను, 38 వస్తుంది చూస్తూ ఉండండి అని.

జనవరి 23న ధర 38,500 దాకా వచ్చింది. ఆ పూట నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఆర్డర్ మార్చే పేజీ తెరిచి, ధర గడిలో 38,000 చెరిపి 38,600 కొట్టాను. కన్ఫర్మ్ నొక్కలేదు. చెరిపేసి మళ్లీ 38,000 కొట్టాను. ఇలా మూడుసార్లు. మూడోసారి ఫోన్ బోర్లా పెట్టేసి లేచి వెళ్లిపోయాను. నోటుబుక్కులో ఆ రోజు రాసుకున్నది ఒక్క ముక్క: "ఇంకా దిగేలా ఉంది, తొందరపడొద్దు." ఎక్కడ చూసినా 36 వస్తుంది, 32 వస్తుంది అనేవాళ్లే. నాకూ అదే నిజమనిపించింది.

ధర అక్కడే వెనక్కి తిరిగింది. నా ఆర్డర్ నిండలేదు. 43,000కి వెళ్లినప్పుడు మళ్లీ కిందికి వస్తుందిలే అనుకున్నాను. ఫిబ్రవరి మధ్యకి 52,000. అప్పుడూ కొనలేదు, 38లో కొననివాణ్ని 52లో ఎలా కొంటాను? ఫిబ్రవరి 28న ఒక్క రోజులో 57,000 నుంచి 64,000 అంచుకు వెళ్లింది. చార్టులో పెరుగుదలను చూపే ఆ గ్రీన్ క్యాండిల్ నిమిషానికోసారి పొడుగవుతుంటే చూస్తూ కూర్చోలేకపోయాను. 63,400 దగ్గర మార్కెట్ ఆర్డర్ (అప్పుడున్న ధరకే వెంటనే కొనేది) కొట్టాను, మొత్తం 2,400 డాలర్లకీ. ఆ రోజు నేను వాడే యాప్ కూడా కాసేపు సతాయించింది, రెండుసార్లు లోడ్ కాలేదు. అది చూసి ఆగాల్సింది పోయి ఇంకా హడావుడి పడ్డాను.

కొన్న కాసేపటికే 60,000 కిందికి పడింది. 59,900 దగ్గర అమ్మేశాను. ఫీజులు కాకుండా 132 డాలర్లు పోయాయి. రెండు వారాల తర్వాత, మార్చి 14న, అదే బిట్‌కాయిన్ 73,000 దాటింది.

ఒకసారితో అయిపోయి ఉంటే ఇక్కడ రాసేవాణ్ని కాదు. అదే ఏడాది డిసెంబర్ 5న 1,00,000 దాటిన సంబరంలో 1,01,800 దగ్గర కొన్నాను. ఆ రోజే నిమిషాల్లో 93,000 కిందికి వచ్చింది. ఈసారి పంతం పట్టి అమ్మలేదు. కొన్ని రోజులు సరిగా నిద్రపోలేదు. కొన్న ధరకు రాగానే బతుకుజీవుడా అని అమ్మేసి బయటపడ్డాను. రెండు వారాలు తిరక్కుండానే 1,08,000.

నిదానమే ప్రధానం అంటారు, ఆలస్యం అమృతం విషం అని కూడా అంటారు. నా బుర్రలో ఈ రెండు మాటలూ తప్పుడు సమయంలోనే మోగుతాయి. దిగుతున్నప్పుడు మొదటిది, ఎగురుతున్నప్పుడు రెండోది.

నా ప్రశ్న ఇదే. 600 డాలర్లు ఎక్కువ పెట్టడానికి మూడుసార్లు చెరుపుకున్న మనిషే, నెల తిరిగేసరికి 25,000 డాలర్లు ఎక్కువ పెట్టి ఒక్క నొక్కుడులో ఎలా కొన్నాడు? ఇది భయమా, ఆశా, ఇంకేమన్నానా? మీలో ఎవరైనా దీన్ని దాటి వచ్చి ఉంటే ఎలా దాటారో చెప్పండి.

వారంవారం

బ్రో, ఎంట్రీ గురించి ఆలోచించడమే మానెయ్. నేను మూడేళ్లుగా ప్రతి సోమవారం ఒకే మొత్తానికి కొంటున్నాను. ధర ఎంతో కూడా చూడను. 2,400 ఉంటే వారానికి 50 చొప్పున పెట్టుకో, దాదాపు ఏడాదికి సరిపోతుంది. తల నొప్పి ఉండదు.

మాటనిలకడ

అందరూ దాటేసే ముక్క ఒకటి మీ పోస్టులో ఉంది. "ఇద్దరు స్నేహితులకు కూడా చెప్పాను." 38,600 కొట్టి చెరిపింది అందుకేనేమో చూసుకోండి. నలుగురికి చెప్పాక ఆ అంకె మన పరువైపోతుంది. 38,600లో కొని అది 38,000కి వెళ్తే పోయేది నలభై డాలర్లు కూడా కాదు, కానీ "నువ్వే కదా 38 అన్నావ్, ముందే ఎందుకు కొన్నావ్" అని వాళ్లు అడుగుతారేమోనన్న బెరుకు పెద్దది. నాకు ఇది జరిగింది కాబట్టి చెప్తున్నాను. ఏ ధరకు కొనబోతున్నానో ఇప్పుడు ఎవరికీ చెప్పను. కొన్నాక కావాలంటే చెప్తాను.

నెమ్మదినడక

రాత్రిచార్టు గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. 2017 నుంచి ఈ మార్కెట్లో ఉన్నాను, మీరు రాసిన ప్రతి అడుగూ నేను వేసిందే. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మీరు దీన్ని రెండు జబ్బులుగా చూస్తున్నారు. దిగినప్పుడు భయం, ఎగిరినప్పుడు ఆశ. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. ఇప్పుడు నాకు అర్థమైనంతవరకు, 63,400 దగ్గర మీ చేత కొనిపించింది ఆశ కానే కాదు. పోయింది రాబట్టుకోవాలన్న ఆత్రం.

అప్పటికి నేనేమీ కొనలేదు కదా, ఏం పోయింది అంటారు. లెక్క వేసి చూడండి. 38,000 అనే అంకె మీ బుర్రలో పాతుకుపోయింది. ఆ ధరకు కొని ఉంటే, 43,000 దగ్గర మీ 2,400 డాలర్లు 2,700 అయ్యేవి. 52,000 దగ్గర దాదాపు 3,300. 63,400 దగ్గర 4,000. ఖాతాలో 2,400 చెక్కుచెదరకుండా అలాగే ఉంది. మీ మనసులో మాత్రం మీరు 1,600 డాలర్లు పోగొట్టుకున్న మనిషి. నెల రోజులుగా రోజుకి కొంచెం చొప్పున పోగొట్టుకుంటున్న మనిషి.

మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వర్‌స్కీ 1979లో చెప్పిన సంగతి సరిగ్గా ఇక్కడ అతుకుతుంది. లాభంలో ఉన్నాననుకునే మనిషి ఖాయంగా చేతికొచ్చేది తీసుకుని తప్పుకుంటాడు. నష్టంలో ఉన్నాననుకునే మనిషి పందెం కాస్తాడు. లాభమా నష్టమా అన్నది ఖాతాలో అంకె చెప్పదు, మనం ఎక్కడ సున్నా పెట్టుకున్నామో అది చెప్తుంది. నష్టం పెట్టే బాధ, అంతే లాభం ఇచ్చే సంతోషానికి రెండింతలకు పైనే ఉంటుందని వాళ్లే 1992లో అంచనా కూడా వేశారు. ఇప్పుడు మీ రెండు రోజులూ పక్కపక్కన పెట్టి చూడండి. జనవరి 23న మీ సున్నా ఖాతాలో ఉన్న 2,400. కొంటే తగ్గొచ్చు, అందుకని చెయ్యి రాలేదు. ఫిబ్రవరి 28న మీ సున్నా 4,000కి జరిగిపోయింది. మీరు 1,600 లోతున ఉన్నారు. అంత లోతున ఉన్నవాడికి ఇంకో వంద పోతుందేమోనన్న భయం ఉండదు. మనిషి మారలేదండీ, సున్నా జరిగింది.

59,900 దగ్గర ఎందుకు అమ్మారో కూడా ఇందులోనే ఉంది. బాధ ఆపుకోవడానికి కొన్నారు. కొన్నాక బాధ పెరిగింది. ఇక ఉంచుకోవడానికి కారణం ఏముంది? ఆ ధరకు కొనాలని మీకు ముందు నుంచీ ఒక ఆలోచన ఉండి ఉంటే, పడినప్పుడు ఆ ఆలోచన ఇంకా నిలబడుతోందా లేదా అని చూసుకునేవారు. చూసుకోవడానికి ఏమీ లేదు.

నా సంగతి చెప్తాను. 2017 డిసెంబర్‌లో ధర 20,000కి దగ్గరవుతుంటే కొన్నాను, ఏడాది తిరిగేసరికి 3,200 చూశాను. అది అందరికీ తెలిసిన కథే, వదిలేద్దాం. నన్ను నిజంగా మార్చింది 2021 మే 19. నెల రోజుల క్రితం 64,000 చూసిన ధర ఆ రోజు పొద్దున 43,000 దగ్గర ఉండి, గంటల్లో 38,000కి వచ్చింది. ఇంత చవకగా మళ్లీ దొరకదు అనిపించింది. 5 రెట్లు లివరేజ్‌తో, అంటే అప్పు కలిపి నా డబ్బుకు ఐదు రెట్ల విలువకి, ధర పెరుగుతుందని లాంగ్ తీసుకున్నాను. 5 రెట్లంటే, ధర కొన్న చోటు నుంచి 20 శాతం పడేలోపే పెట్టిన డబ్బంతా హరీ. 38,000లో 20 శాతం తీస్తే 30,400. ఆ రోజు ధర 30,000 దాకా వెళ్లింది. నా ట్రేడ్‌ని బలవంతంగా మూసేశారనే లిక్విడేషన్ మెసేజ్ ఫోన్లో వచ్చినప్పుడు నేను దాన్ని చదవలేదు, ఆ రంగు చూసి అర్థం చేసుకున్నాను. అదే రోజు ధర మళ్లీ 36,000 పైకి వచ్చింది. నేను అనుకున్న దిశ తప్పలేదు. కొన్న చోటు కూడా మరీ ఘోరమైంది కాదు. కానీ ఆ మధ్యలో వచ్చిన ఎనిమిది వేల డాలర్ల లోయను దాటేంత చోటు నేను నాకు మిగుల్చుకోలేదు.

ఆ తర్వాత నేను ఎంట్రీ ధర గురించి ఆలోచించే సమయం సగానికి సగం తగ్గించి, ఆ సమయాన్ని సైజు మీద, అంటే ఎంత డబ్బుకు కొనాలన్నదాని మీద, పెట్టాను. మీకు ఇక్కడే పని ఉంది అనుకుంటున్నాను. కొనే ముందు "ఎక్కడికొస్తే నేను తప్పని ఒప్పుకుంటాను" అన్నది కాగితం మీద రాసుకోండి. అది కొనే ధరకు 6 శాతం కింద ఉందనుకుందాం. ఒక ట్రేడ్‌లో ఖాతాలో 1 శాతం పోయినా పర్లేదు అనుకుంటే, మీకు అది 24 డాలర్లు. 24ని 6 శాతంతో భాగిస్తే 400. అంటే 2,400లో 400కే కొనాలి. ఫిబ్రవరి 28న మీరు ఎంత ఆత్రంలో ఉన్నా సరే, 63,400 దగ్గర 400కే కొని ఉంటే, 59,900 దగ్గర మీ నష్టం 22 డాలర్లు. 22 డాలర్లకు ఎవరూ వణికిపోయి అమ్మరు. బహుశా మీరు మార్చి 14 దాకా ఉండేవారు.

జనవరి 23న కూడా అంతే. మొత్తం 2,400 ఒకే ఆర్డర్లో ఉంది కాబట్టే ఆ ఒక్క అంకె ప్రాణం మీదికి వచ్చింది. 400 చొప్పున ముక్కలు చేసుకుని ఉంటే, ఒక ముక్క 40,000లో, ఒకటి 38,600లో, ఒకటి 37,000లో పెట్టుకునేవారు. మొదటి రెండూ నిండేవి. మూడోది నిండలేదని బాధ ఉంటుంది, అది ఓర్చుకోగలిగే బాధ.

ఇంకో అలవాటు చెప్పి ఆపేస్తాను. కొనబోయే ముందు నన్ను నేను ఒకటి అడుగుతాను: ఈ కాయిన్ పేరు నేను ఇవాళే మొదటిసారి విని, పాత ధరలేవీ తెలియకుండా, ఈ ధర ఒక్కటే చూస్తే ఎంతకి కొంటాను? చాలాసార్లు "కొంచెం" అని జవాబు వస్తుంది. "మొత్తం పెట్టేస్తాను" అని ఎప్పుడూ రాలేదు. మొత్తం పెట్టాలనిపించిందీ అంటే లోపల ఏదో పాత లెక్క తీర్చుకుంటున్నానని అర్థం.

షేర్ మార్కెట్‌కి సాయంత్రం గంట కొడతారు. నచ్చినా నచ్చకపోయినా ఇంటికి పోవాలి. ఇక్కడ ఆ గంట లేదు, రాత్రి రెండింటికి కూడా క్యాండిల్ కదులుతూనే ఉంటుంది. మీ పేరు చూసి చెప్తున్నాను, మీ గంట మీరే కొట్టుకోవాలి. కొనాలని తేల్చుకోవడానికీ ఆర్డర్ పెట్టడానికీ మధ్య నేను ఒక నిద్ర తప్పకుండా పెట్టుకుంటాను. పొద్దున లేచాక కూడా కొనాలనిపిస్తేనే కొంటాను.

లెక్కలపుస్తకం

నెమ్మదినడక గారు చెప్పిన దాంట్లో చాలావరకు ఒప్పుకుంటాను. రెండు మూడు చోట్ల మాత్రం నాకు వేరే మాట ఉంది.

ముందు వారంవారం గారి సలహా గురించి. ప్రతి వారం కొంచెం కొంచెం కొనడం వల్ల లాభం ఎక్కువ వస్తుందని చాలామంది అనుకుంటారు. అమెరికా ఫండ్ కంపెనీ వాన్‌గార్డ్ 2012లో షేర్లు, బాండ్ల మీద లెక్క కట్టి చూసింది. ఉన్న డబ్బంతా ఒకేసారి పెట్టినవాళ్లే మూడింట రెండు వంతుల సందర్భాల్లో ముందున్నారు. పెరిగే మార్కెట్లో డబ్బు బయట కూర్చుంటే నష్టం కదా, అందుకు. అది క్రిప్టో మీద చేసిన లెక్క కాదు, తేడా చాలా ఉంటుంది. అయినా వారంవారం పద్ధతి మంచిదే, దాని మంచితనం లాభంలో లేదు, నిర్ణయం మన చేతిలోంచి తీసేయడంలో ఉంది. ఈ సంగతి తెలిసి చేస్తే మధ్యలో మానరు. లాభం ఎక్కువని నమ్మి మొదలుపెట్టినవాళ్లు ధర ఎగిరిన మొదటి నెలలోనే "ఒకేసారి కొని ఉంటే" అని మానేస్తారు.

రెండోది, 38,000. దీన్ని మొత్తం మనసు మీదికి తొయ్యకండి. అందులో ఆర్డర్ బుక్ (అందరి కొనుగోలు, అమ్మకం ఆర్డర్ల పట్టిక) పాత్ర కూడా ఉంది. గుండ్రటి అంకెల దగ్గర అందరూ ఆర్డర్లు పెడతారు. 38,000 దగ్గర పెద్ద గుంపు నిలబడి ఉందని తెలిసినవాడు 38,000లో పెట్టడు, కొంచెం పైన పెట్టి ముందు తను కొనుక్కుంటాడు. అలా నలుగురు చేస్తే ధర అక్కడిదాకా రానే రాదు. జనవరిలో జరిగింది ఇదేనని నేను అనడం లేదు. గుండ్రటి అంకెకు అతుక్కోవడానికి ఏ కారణమూ లేదు అంటున్నాను. నేను 38,000 అనుకుంటే 38,170 లాంటి చోట పెడతాను. ఆ అంకెకు పరువు, ముచ్చట ఏమీ ఉండవు, మార్చుకోవడం కూడా తేలిక.

మూడోది నెమ్మదినడక గారికి ప్రశ్న. మామూలుగా మనుషులు నష్టంలో ఉన్నదాన్ని పట్టుకుని వేలాడతారు, లాభంలో ఉన్నదాన్ని తొందరగా అమ్ముకుంటారు. 1985లో ఫైనాన్స్ పరిశోధకులు షెఫ్రిన్, స్టాట్‌మన్ దీనికి డిస్పొజిషన్ ఎఫెక్ట్ అని పేరు పెట్టారు. రాత్రిచార్టు గారు డిసెంబర్‌లో అచ్చంగా అదే చేశారు, అసలు రాగానే అమ్మేశారు. కానీ ఫిబ్రవరిలో 5 శాతం నష్టానికే గంటలో అమ్మారు. ఒకే మనిషి రెండు రకాలుగా ఎందుకు చేశారు? మీ "సున్నా జరిగింది" లెక్కతో ఫిబ్రవరి అమ్మకం అతకడం లేదు. నష్టంలో ఉన్నవాడు పందెం కొనసాగించాలి కదా.

నెమ్మదినడక

మంచి ప్రశ్న అడిగారు. నిజంగానే అక్కడ నా లెక్క పూర్తిగా సరిపోదు. నా ఊహ చెప్తాను. ఫిబ్రవరిలో ఆయన ధరను చూసి అమ్మలేదు, తనను తాను చూసి అమ్మారు. నెల రోజులు ఆగి ఆగి చివరికి తప్పు చోట కొన్నాననే మాట గంటలో రుజువైపోతే, ఆ ట్రేడ్ కళ్ల ముందు ఉన్నంతసేపూ ఆ మాటే వినిపిస్తుంది. అమ్మేస్తే కనీసం ఆ నోరు మూసుకుంటుంది. డిసెంబర్‌లో ఫిబ్రవరి అనుభవం ఉంది, అప్పుడు అమ్మి తప్పు చేశాననే బాధ ఉంది. అందుకని ఈసారి అమ్మకుండా పంతం పట్టారు. అంటే రెండోసారి కూడా ఆయన డిసెంబర్ ధరతో ట్రేడ్ చెయ్యలేదు, ఫిబ్రవరితో చేశారు. రాత్రిచార్టు గారూ, ఇది నిజమో కాదో మీ నోటుబుక్కే చెప్పాలి.

రాత్రిచార్టు

అందరికీ చాలా థ్యాంక్స్. రెండు రోజులు ఆలస్యంగా రాస్తున్నాను, నోటుబుక్కు తీసి మళ్లీ చదివాను కాబట్టి.

మాటనిలకడ గారూ, మీరు చెప్పింది చదవగానే ఒళ్లు జలదరించింది. ఆ స్నేహితుల్లో ఒకరు జనవరి 23 పొద్దున మెసేజ్ పెట్టారు, "నీ 38 వచ్చేలా ఉంది" అని. ఆ మెసేజ్ ఇంకా నా ఫోన్లో ఉంది. "నీ 38" అని రాశారు. ఆ పూటే నేను మూడుసార్లు చెరుపుకున్నది.

నెమ్మదినడక గారూ, డిసెంబర్ 5 పేజీలో నేను రాసుకున్న మొదటి వాక్యం: "ఫిబ్రవరిలోలా చెయ్యను." ధర గురించి ఒక్క అక్షరం లేదు. ఎందుకు కొన్నానో లేదు, ఎక్కడ తప్పని ఒప్పుకుంటానో లేదు. ఏడాదిన్నర పేజీలు తిరగేశాను, ఒక్క పేజీలో కూడా సైజు ఎందుకు అంత అని రాసుకోలేదు. ప్రతిసారీ మొత్తం. ధర గురించి మాత్రం పేజీలకు పేజీలు రాశాను.

1,600 డాలర్ల లెక్క చదివాక ఒక సంగతి గుర్తొచ్చింది. ఫిబ్రవరి నెలంతా నేను రోజూ పొద్దున లేవగానే కాలిక్యులేటర్లో ఆ లెక్క వేసుకునేవాణ్ని. 38లో కొని ఉంటే ఇవాళ ఎంత అయ్యేది అని. నోటుబుక్కు మార్జిన్‌లో ఆ అంకెలు పెన్సిల్‌తో ఉన్నాయి: 2,716, 3,031, 3,284. తేదీలు కూడా వేసుకున్నాను. రానిదాన్ని పోయినట్టు ఖాతా రాసుకున్నాను అన్నమాట. అది లెక్క అనుకున్నాను అప్పుడు, మార్కెట్‌ని గమనిస్తున్నాను అనుకున్నాను.

లెక్కలపుస్తకం గారూ, వారానికి 50 పద్ధతి సగం డబ్బుకు మొదలుపెట్టాను. మీరు చెప్పిన కారణంతోనే, ఎక్కువ లాభం వస్తుందని కాదు. మిగతా 1,200ను 200 చొప్పున ఆరు ముక్కలు చేశాను. నిన్న రాత్రి ఒక ముక్కకు ఎంత ధరకు కొనాలో రాసుకున్నాను, ఎక్కడ ఒప్పుకోవాలో రాసుకున్నాను, ఆర్డర్ పెట్టకుండా పడుకున్నాను. పడుకునే ముందు రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకున్నాను, పొద్దునకల్లా ఎగిరిపోతుందేమో అని. మొదటిసారి యాప్ తెరిచాను, రెండోసారి తెరవలేదు.

పొద్దున లేచి మళ్లీ చదువుకుని ఆర్డర్ పెట్టాను. ధర ఎంతో ఇక్కడ రాయడం లేదు, మాటనిలకడ గారికి ఎందుకో తెలుసు. పెట్టిన గంటకి మార్కెట్ నేను రాసుకున్న చోటుకి చాలా పైకి వెళ్లింది, ఇప్పుడు కూడా అక్కడే ఉంది. ఆర్డర్ నిండలేదు. నోటుబుక్కు మార్జిన్ ఖాళీగా ఉంది.

వారంవారం

సగం మొదలుపెట్టావ్ కదా బ్రో, చాలు. సోమవారం పొద్దున నీకు గుర్తు చేస్తాను.

నెమ్మదినడక

ఆ 200 నిండాక ఒకటి చెప్పండి: నిండిన నోటిఫికేషన్ చూసినప్పుడు మొదట ఏమనిపించిందో. సంతోషమా, అయ్యో ఇంకా తక్కువకు దొరికేదేమో అనా. నాకు ఇన్నేళ్లయినా మొదట రెండోదే అనిపిస్తుంది. అది వచ్చినప్పుడు అదే మాట పేజీలో రాసిపెట్టుకోండి, ధర పక్కనే.